చెన్నై తీరంలో ఇద్దరే చిన్న మోటారు బోటు మీద తిరగాలంటే

యూట్యూబ్‌లో మొగుడూ పెళ్ళాం ఒక చిన్న బోటు కొనుక్కుని, రోజుకో చోట లంగరేసుకుని, పొద్దున్నే కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని కాఫీ తాగే వీడియోలు చూసి "మనమూ చేద్దామా" అనుకున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. చేయొచ్చు. నేనూ మా ఆయనా చెన్నైలో చేస్తున్నాం. కాకపోతే ఆ వీడియోలు తీసే చోట్లకీ మన తీరానికీ ఒక పెద్ద తేడా ఉంది, అదొక్కటీ ముందే బుర్రకెక్కించుకుంటే ఏ బోటు కొనాలి, ఎంత పెట్రోలు పోయాలి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నీ దాన్నిబట్టే తేలిపోతాయి.

మన కోరమాండల్ తీరం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. వెనక దాక్కోవడానికి దీవుల్లేవు, లోపలికి మలుపు తిరిగిన లోతైన అఖాతాల్లేవు. చెన్నై హార్బరు కూడా సముద్రంలోకి గోడలు కట్టి చేసుకున్నదే తప్ప సహజంగా ఉన్నది కాదు. కాబట్టి ఇక్కడ "ఎంత దూరం వెళ్ళగలం" అన్నది రెండో ప్రశ్న. "గాలి తిరిగితే ఎక్కడ దూరగలం" అన్నది మొదటిది. దానికి జవాబు లేకుండా తాడు విప్పకండి.

నదీముఖాలున్నాయి కదా అంటారు. కూవం, అడయార్, ముట్టుకాడు, పళవేర్కాడు (మన పులికాట్), మ్యాపులో అన్నీ తెరిచే కనిపిస్తాయి. కానీ ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంటుంది. హార్బరు గోడ దాన్ని అడ్డుకోబట్టే దక్షిణాన మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అదే ఇసుక నదీముఖాలకు అడ్డంగా మేట వేస్తుంది, ఎండాకాలంలో కొన్ని పూర్తిగా పూడిపోతాయి కూడా. పోనీ పోటు సమయంలో దూరదామా అంటే, చెన్నైలో అమావాస్య పున్నములకు కూడా ఆటుకీ పోటుకీ తేడా ఒక మీటరు చిల్లరే. అందుకే నిరుటి వీడియో చూసి ఏ ముఖద్వారంలోకీ వెళ్ళొద్దు, ఆ వారం అక్కడ వల వేసిన మనిషిని అడిగి వెళ్ళండి.

బకింగ్‌హామ్ కాలువ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళం కాబట్టి అందరికీ ఆ కోరిక ఒకసారి పుడుతుంది. పెదగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా సముద్రం పక్కనే సాగే కాలువ, ఒకప్పుడు మద్రాసుకి కట్టెలూ ఉప్పూ దానిమీదే వచ్చేవి. 2008లో దాన్ని జాతీయ జలమార్గం 4లో కలిపారు కూడా. అయినా నగరంలో దాని మధ్యలోనే రైలు స్తంభాలు దిగి ఉన్నాయి, మిగిలిన దాంట్లో మురుగూ గుర్రపుడెక్కా. దానిమీద నెల్లూరు వెళ్ళే ఆలోచన మానేయండి.

ఇక మొదటి పని, కాలం చూసుకోవడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం వరకు పొద్దుటిపూట సముద్రం మనలాంటి వాళ్ళని భరిస్తుంది. మే, జూన్‌లలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి లేచి నీళ్ళని చిలికేస్తుంది, కాబట్టి తెల్లారకముందే వెళ్ళి పదిన్నర పదకొండుకి తిరిగి గోడ లోపల ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం, ట్రాలర్లు కట్టేసి ఉంటాయి గనక కొత్తవాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. జూన్ తర్వాత పడమటి గాలి. ఇది మోసకారి. నేల మీద నుంచి వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఇంజిన్ ఆగిందంటే మాత్రం అదే గాలి మిమ్మల్ని చక్కగా బంగాళాఖాతం మధ్యకు తోసుకుపోతుంది. సాయంత్రాలు ఉరుములు, పిడుగులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బోటు నేలమీదే. వర్దా తుఫాను 2016 డిసెంబరు 12న చెన్నై మీదే తీరం దాటింది, 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినా దానికి ముందు నగరాన్ని ముంచేసి వెళ్ళింది. ఈ నెలల్లో ఒక మంచి రోజు కనిపించినా ఆశపడకండి.

రెండోది బోటు. ఇద్దరికి 20 నుంచి 24 అడుగుల ఫైబర్ బోటు, 60 నుంచి 100 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజిన్) చాలు. క్యాబిన్ కంటే నీడ ముఖ్యం. పైన గట్టి గుడ్డ పందిరి లేని బోటులో మే నెల ఎండకి ఎవరూ సంసారం చేయలేరు. పక్కన చిన్న ఇంజిన్ ఇంకోటి, కనీసం రెండు తెడ్లు. లంగరు విషయంలో పిసినారితనం వద్దు. గొలుసు కొన్ని మీటర్లుండాలి, దానికి కట్టే తాడు నీటి లోతుకి అయిదు నుంచి ఏడు రెట్లు వదిలేంత పొడవుండాలి. ఇంజిన్ ఆగిపోయినప్పుడు మీకున్న ఏకైక బ్రేకు అదే.

కాగితాల సంగతి క్లుప్తంగా. బోటు రిజిస్ట్రేషన్, బీమా, ఇద్దరి ఫోటో గుర్తింపు కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ నిబంధనల కోసం తమిళనాడు మారిటైమ్ బోర్డుకి స్వయంగా వెళ్ళి అడగండి, బోటు అమ్మే ఏజెంటు మాట నమ్మకండి. వీహెచ్‌ఎఫ్ రేడియోకి (ఓడలూ బోట్లూ మాట్లాడుకునేది) విడిగా లైసెన్సు కావాలి. 2008 నవంబరు ముంబై దాడుల తర్వాత తీరంలో ప్రతి బోటునీ అనుమానంగానే చూస్తారు, కోస్ట్ గార్డ్ గానీ మెరైన్ పోలీసులు గానీ ఆపితే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, చేతులు కనిపించేలా నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పండి. కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం ముందు, శ్రీహరికోట ముందు దగ్గరగా వెళ్ళొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ సముద్రంలో పెద్ద ప్రాంతాన్నే మూసేస్తారు, ముందు రోజే హెచ్చరికలు చూసుకోండి. నేర్చుకోవడానికి హార్బరు లోపల 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. అక్కడ నేర్పేది తెరచాప పడవలే అయినా గాలీ నీళ్ళూ చదవడం వస్తుంది, దాని ముందు మోటారు నడపడం ఎంత పని.

దూరం లెక్కలో మనకో సౌకర్యం ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మన తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి రెండు ఊళ్ళ అక్షాంశాలు తీసేస్తే దూరం వచ్చేసినట్టే. చెన్నై హార్బరు సుమారు 13 డిగ్రీల 6 నిమిషాలు, కోవళం 12 డిగ్రీల 47. తీసేస్తే 19 మైళ్ళు. మహాబలిపురం ఇంకో పది కలపండి. పుదుచ్చేరికి మాత్రం తీరం పడమరకి వంగుతుంది గనక 75 పైనే. మీ బోటు 15 నాట్ల వేగంతో, అంటే గంటకి 15 నాటికల్ మైళ్ళు వెళ్తూ గంటకి 12 లీటర్లు తాగుతుందనుకుందాం. కోవళం వెళ్ళి రావడానికి 38 మైళ్ళు, రెండున్నర గంటలు, 30 లీటర్లు. ట్యాంకులో 45 ఉండాలి. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, దేవుడి లెక్కకి ఒక వంతు. ఆ మూడో వంతు ముట్టుకోవాల్సి వచ్చిన రోజు మీ ప్లాను ఎక్కడో తప్పినట్టు.

పెట్రోలు గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలు తమ మాన్యువల్లో 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. పైగా ఇథనాల్ నీటిని లాగుతుంది, సముద్రం పక్కన గాలిలో తేమకేం కొదవ. నెల రోజులు నిలవున్న పెట్రోలు అడుగున నీళ్ళు దిగి, సరిగ్గా హార్బరు బయటికొచ్చాక ఇంజిన్ దగ్గుతుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పకుండా పెట్టించండి, దాని గిన్నె పారదర్శకంగా ఉండేది కొనండి, బయల్దేరే ముందు అడుగున గీతలా నీళ్ళు కనిపిస్తున్నాయేమో చూడండి. పాత పెట్రోలు బోటులో పోయొద్దు. ట్యాంకు నింపాక బోటు అరల మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వండి, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున కూర్చుంటుంది. గ్యాస్ స్టవ్వు కూడా ఇదే కారణంతో బోటులో వద్దంటాను.

బయల్దేరడానికి ముందు రోజు సాయంత్రం వాతావరణం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల సూచన చూడండి, సముద్ర అని వాళ్ళ యాప్ ఉంది. అందులో అల ఎత్తు ఒకటిన్నర మీటర్లని ఉంటే అది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు, అలలన్నిట్లో పెద్దవైన మూడో వంతుకి సగటు. అప్పుడప్పుడూ దానికి దాదాపు రెట్టింపు అల వస్తుంది. మీ మొదటి ఏడాదికి ఒక మీటరు దాటితే ఇంట్లో ఉండండి. ఎత్తుతో పాటు అలకీ అలకీ మధ్య సెకన్లు చూడటం చాలామంది మర్చిపోతారు. అయిదారు సెకన్లయితే గతుకుల రోడ్డు, నడుం విరుగుతుంది గానీ బోటు తట్టుకుంటుంది. పధ్నాలుగు పైన ఉంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన ఉబ్బు వస్తోందని అర్థం. బయట నీళ్ళు సాఫీగా అనిపిస్తాయి, ఇసుక మేటల దగ్గరకొచ్చేసరికి అదే ఉబ్బు గోడలా లేచి విరుగుతుంది. హార్బరులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఎక్కడో దూరంగా వాయుగుండం ఉందని, మూడో నంబరు అంటే రేవుకే ఈదురుగాలుల ప్రమాదమని. మనకి ఒకటో నంబరే చాలు, బోటు మీద పట్టా కప్పేసి ఇంటికెళ్ళడానికి.

ఒడ్డున ఒకరికి వాట్సాప్‌లో రాసి పెట్టండి: ఏ బోటు, ఇద్దరం, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తాం, ఎన్నింటి దాకా కబురు లేకపోతే ఫోన్ చేయాలి. ఎవరికి చేయాలో కూడా రాయండి. కోస్ట్ గార్డ్ 1554, తీర పోలీసులు 1093. ఈ పనికి కంగారు మనిషిని ఎంచుకోండి. మా ఆయన అన్నయ్యని పెట్టుకుంటే "వస్తార్లే" అని పడుకునే రకం, అందుకే మా పిన్నిని పెట్టుకున్నాం, ఆవిడ పావుగంట ముందే మొదలుపెడుతుంది.

ఇప్పుడు అసలైన విషయం, ఇద్దరి మధ్య పని. చాలా జంటల్లో ఆయన నడుపుతాడు, ఆవిడ కూర్చుంటుంది. ఇది బాగోలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇది ప్రమాదం. నీళ్ళలో పడేది ఆయనైతే? అందుకని ఇద్దరికీ ఇంజిన్ స్టార్ట్ చేయడం, ఆపడం, తిప్పడం, రేడియోలో 16వ ఛానెల్ మీద మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) చెప్పడం, ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు చదవడం రావాలి. నడిపేవాళ్ళ నడుముకి కిల్ స్విచ్ తాడు తగిలించే ఉండాలి, మనిషి పడితే ఇంజిన్ ఆగిపోవాలి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు దగ్గర పడవ మునిగి 22 మంది పోయారు.

మనిషి పడితే తీయడం సాధన చేయాలంటే కొబ్బరికాయ పట్టుకెళ్ళండి. పీచుతో ఉన్న కాయ నీళ్ళలో సరిగ్గా మనిషి తలంతే పైకి కనిపిస్తుంది. చెప్పకుండా వెనక్కి విసిరి "పడ్డారు" అని అరవండి. ఒకరు దానిమీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి చూపిస్తూనే ఉండాలి, కానీ బోటులో ఇద్దరే ఉంటారు గనక నిజంగా పడినప్పుడు ఆ చూపించే మనిషి ఉండరు, మీరే నడపాలి మీరే చూడాలి. రెండు అలలు దాటేసరికి కాయ మాయమవుతుంది, అప్పుడు తెలుస్తుంది భయం. గాలికి ఎదురుగా నెమ్మదిగా రండి, కాయ పక్కకొచ్చేసరికి ఇంజిన్ ఆపేయండి, తిరిగే ప్రొపెల్లరు దగ్గర మనిషి ఉండకూడదు. తర్వాత కాయని ఎత్తడం ఎవరైనా చేస్తారు. తడిసిన బట్టలతో ఎనభై అయిదు కిలోల మొగుణ్ణి యాభై అయిదు కిలోల మనిషి చేతులతో ఎత్తలేదు, ఎంత ప్రేమున్నా. అందుకే నీళ్ళలోకి మూడు మెట్లు దిగే నిచ్చెన, లేదంటే పక్కకి కట్టి వేలాడదీసిన తాడు ఉచ్చు, కాలు పెట్టి ఎక్కడానికి. హార్బరు లోపల ఎండ పూట ఒకసారి నిజంగా దిగి ఎక్కి చూడండి.

లంగరు వేసేటప్పుడు, గట్టుకి కట్టేటప్పుడు ఇంజిన్ చప్పుడులో మాటలు వినబడవు, వినబడేలా అరిస్తే పోట్లాటలా ఉంటుంది, ఆ తర్వాత నిజంగానే పోట్లాటవుతుంది. నాలుగు సైగలు పెట్టుకోండి: ముందుకి, వెనక్కి, ఆపు, న్యూట్రల్. మా ఇంట్లో నేను నడుపుతాను, ఆయన లంగరు చూస్తాడు, ఎందుకంటే బరువు లాగేది లంగరు దగ్గర, ఓపిక కావాల్సింది స్టీరింగ్ దగ్గర.

తిండి తేలిక. ఇడ్లీ కారప్పొడి, పులిహోర, ఒక డబ్బా పెరుగన్నం పాలు ఎక్కువ పోసి కలిపింది. ఆవకాయ వద్దు, కడుపులో తిప్పే వేళ దాని వాసన చాలు. అవోమిన్ లాంటి మాత్ర వేసుకోవాలంటే డాక్టర్ని అడిగి, ఎక్కడానికి గంట ముందే వేసుకోండి, వాంతి మొదలయ్యాక లాభం లేదు. దాంతో నిద్ర వస్తుంది, నడిపేవాళ్ళు వేసుకోకూడదు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు. టాయిలెట్ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను: మూతతో వచ్చే పోర్టబుల్ టాయిలెట్, చుట్టూ తెర. అది లేదని నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళని చూశాను, ఎండలో కళ్ళు తిరిగి పడిపోవడానికి అంతకంటే దగ్గరదారి లేదు.

రాత్రి బోటులోనే పడుకోవడం మన తీరంలో బయట లంగరేసి కుదరదు, రాత్రంతా పక్కలకి ఊగుతుంది. హార్బరు గోడల లోపల అనుమతితోనే. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఫ్యానుకోసం పడుకోవడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

దారిలో మీకు అసలు శత్రువు పెద్ద ఓడ కాదు, అది కనిపిస్తుంది. వల కనిపించదు. ఒడ్డు నుంచి మూడు మైళ్ళ లోపల ఫైబర్ బోట్లవాళ్ళ వలలు, థర్మోకోల్ ముక్కలు, నల్లజెండా కట్టిన కర్రలు. రెండు జెండాల మధ్య నుంచి వెళ్ళకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి. ప్రొపెల్లరుకి చుట్టుకుంటే ఇంజిన్ గొంతు మారుతుంది, బోటు వెనక ఎవరో పట్టుకుని లాగినట్టుంటుంది. వెంటనే ఆపండి, ఇంజిన్ పైకి లేపండి, తిరిగిన వైపుకి వ్యతిరేకంగా చేత్తో తిప్పుతూ విప్పండి. కత్తి ఆఖరున. అది ఒక కుటుంబం పెట్టుబడి, కోయాల్సి వస్తే ఆ బోటు దగ్గరికెళ్ళి డబ్బులిచ్చి రండి. కాసిమేడు చేపల రేవులో శ్రీకాకుళం నుంచి వచ్చి పనిచేసే తెలుగువాళ్ళున్నారు, "అన్నా" అని పలకరించి పావుగంట మాట్లాడితే ఏ వైపు ఇసుక మేట వేసిందో, ఎక్కడ వలలున్నాయో ఏ యాప్ చెప్పనంత చెప్తారు. జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డు దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఊపిరికి పైకొస్తాయి, వేగం తగ్గించండి.

అమెరికా వీడియోల్లో ఒక సూత్రం చెప్తారు, రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బాయా (దారి చూపడానికి నీళ్ళలో తేలే గుర్తు) కుడివైపు ఉండాలని. మన దగ్గర సరిగ్గా తలకిందులు. ఇండియాలో లోపలికొచ్చేటప్పుడు ఎరుపు ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు. ఎదురెదురుగా వచ్చే బోట్లు రెండూ కుడికి తిరగడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఇక లోపలికి రావడం. హార్బరు ముఖద్వారమైతే ఓడలకి దారిచ్చి, రేడియో వింటూ, గోడకి దూరంగా రండి. నదీముఖమైతే బయటే ఆగండి, పది నిమిషాలు చూడండి. సముద్రం వైపు నుంచి అలల వీపులే కనిపిస్తాయి, విరిగే ముఖం కనిపించదు, అందుకే ఉన్నదానికంటే చిన్నగా అనిపిస్తుంది. అలలు గుంపులుగా వస్తాయి. పెద్ద గుంపు వెళ్ళేదాకా ఆగి, ఒక అల వీపు మీద ఎక్కి దానితో పాటే రండి. దాన్ని దాటితే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, వెనకబడితే తర్వాతది వెనక నుంచి ఎక్కుతుంది. బోటు అడ్డం తిరగనివ్వకండి. నచ్చకపోతే వెనక్కి తిరిగి హార్బరుకి వెళ్ళిపోండి, ఆ మూడో వంతు పెట్రోలు ఇందుకే.

తాళ్ళు కట్టగానే పిన్నికి ఫోన్. తర్వాత ఇంజిన్‌కి మంచినీళ్ళ గొట్టం తగిలించి పది పదిహేను నిమిషాలు తిప్పండి, వెనక సన్నధార వేగంగా రావాలి. సన్నగిల్లితే లోపల ఉప్పు పట్టిందనో నీళ్ళు తోడే ఇంపెల్లరు అరిగిందనో అర్థం, మళ్ళీ బయల్దేరే లోపు మెకానిక్‌కి చూపించండి. ఇంజిన్ తుప్పు పట్టకుండా దానికి తగిలించే జింకు ముక్కలు సగం కరిగితే మార్చండి. ఎంత పెట్రోలు పోశారు, ఎన్ని గంటలు తిరిగారు నోట్‌బుక్కులో రాయండి, పైన నేను వేసిన 12 లీటర్ల లెక్క మీ బోటుకి ఎంతో అందులోంచే తేలుతుంది.